చదువు – ఉద్యోగం: మీ ప్రశ్నకు మా జవాబు

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ ఈ ఏడాదే పాసయ్యాను. మాది ప్రొద్దుటూరు. నాన్నకు బైక్ మెకానిక్ షెడ్డు ఉంది, చిన్నప్పటి నుంచి నేనూ స్పానర్ పట్టుకుని పెరిగాను. విమానాల మెకానిక్ కావాలని ఉంది. ఒక కాలేజీ వాళ్లు ‘కోర్సు అయిపోగానే లైసెన్సు చేతికిస్తాం’ అంటున్నారు. నిజమేనా సార్? ఆడపిల్లకు ఇదంతా ఎందుకని బంధువులు అంటున్నారు.
– ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: నిజం కాదు తల్లీ. ఏ కాలేజీ లైసెన్సు ఇవ్వలేదు. ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక్కటే. పరీక్షలు పెట్టేదీ వాళ్లే. మాడ్యూల్స్ (సబ్జెక్టులు) వారీగా రాయాలి, ప్రతిదానిలో నూటికి 75 రావాలి. పరీక్షలు పాసైతే సరిపోదు, తిరుగుతున్న విమానాల మీద పనిచేసిన అనుభవాన్ని లాగ్‌బుక్‌లో చూపించాలి. శిక్షణ సంస్థలకు డీజీసీఏ ఇచ్చే సీఏఆర్-147 అనుమతి ఉన్నచోట కోర్సు చేస్తే కనీసం 2 ఏళ్ల అనుభవం చాలు. ఆ అనుమతి లేనిచోట చదివితే ఇంకా చాలా ఎక్కువ కాలం పడుతుంది. మన పిల్లలు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, ఆ బాధ చాలా ఇళ్లలో చూశాను.

లైసెన్సులో కేటగిరీలు ఉంటాయి. ఇంజిన్లంటే ఇష్టమైతే బీ1.1 తీసుకో, అది జెట్ విమానాలకు. వైరింగు, రేడియో, కాక్‌పిట్ పరికరాలైతే బీ2. లైసెన్సు వచ్చాక కూడా ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానాన్ని ‘ఎగరడానికి సిద్ధం’ అని సంతకం చేయాలంటే ఆ రకానికి వేరే శిక్షణ ఉంటుంది. లైసెన్సును 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి.

షెడ్డులో పెరిగిన చేయి నీకు పెద్ద ఆస్తి. ఒక్క అలవాటు మాత్రం వదలాలి, చేతి అంచనాతో బిగించడం. ఇక్కడ మాన్యువల్‌లో ఎంత రాసి ఉంటే టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే స్పానర్) అంతే బిగించాలి, వందసార్లు చేసిన పనైనా పేజీ తెరిచి పెట్టుకునే చేయాలి. లాక్‌వైర్ సంగతి చూడు. బోల్టు తలలోని రంధ్రంలోంచి సన్నటి స్టీలు తీగ దూర్చి, మెలిపెట్టి, పక్క బోల్టుకు కడతాం. ఒకటి వదులవబోతే తీగ రెండోదాన్ని బిగుసుకునే వైపే లాగాలి. వ్యతిరేకంగా కడితే చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, పనికి మాత్రం రాదు. నేను శిక్షణలో ఉన్నప్పుడు మా సీనియర్ తీగను వేలితో తడిమి చూసి, నచ్చకపోతే కట్ చేసి మళ్లీ కట్టించేవారు. షిఫ్టు అయ్యాక టూల్స్ లెక్క పెడతాం. ఒక్క సాకెట్ తగ్గినా అది దొరికేదాకా విమానం కదలదు.

ఆడపిల్ల అన్న మాటకొస్తే, లైసెన్సు నిబంధనల్లో ఎక్కడా ఆ తేడా లేదు. చీకట్లోనూ వానలోనూ పనిచేయాలి, నైట్ షిఫ్టులు తప్పవు, ఎందుకంటే చాలా విమానాలు ఖాళీగా దొరికేది రాత్రిపూటే. అది అబ్బాయిలకూ అంతే. కడపలో, ఓర్వకల్లులో విమానాలు దిగుతున్నాయి కదా అని అక్కడే ఉద్యోగం చూసుకోవద్దు. పెద్ద హ్యాంగర్లు, అంటే విమానాలు నిలిపి మరమ్మతు చేసే షెడ్లు, శంషాబాద్‌లో, బెంగళూరులో ఉన్నాయి. ఇంటికి దూరంగా ఉండాల్సి వస్తుందని అమ్మానాన్నలకు ముందే చెప్పు.

ఫీజు కట్టే ముందు నాన్నను వెంటబెట్టుకుని వెళ్లు. సీఏఆర్-147 అనుమతి పత్రం చూపించమనండి. అందులో నీకు కావాల్సిన కేటగిరీ ఉందా, తేదీ దాటలేదా చూడండి. అదే పేరు డీజీసీఏ వెబ్‌సైట్ జాబితాలో ఉందో లేదో సరిచూసుకోండి. ఆ తర్వాత, ప్రాక్టికల్ అనుభవానికి ఏ హ్యాంగర్‌కు పంపుతారో, దానికి వేరే ఫీజు ఉందో లేదో కాగితం మీద రాసివ్వమని అడగండి.