గేజ్ లేని వాగుల లెక్కా? యూనివర్సిటీ పీఆర్ ఉద్యోగమా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్ చివరి సంవత్సరం. రాయడం, మాట్లాడటం బాగా వచ్చు. ఒక విశ్వవిద్యాలయం పౌర సంబంధాల (పీఆర్) విభాగంలో చేరే అవకాశం వచ్చింది. తనేమో హైడ్రాలజీలో (నీటి ప్రవాహాల శాస్త్రం) పీజీ చేసి, గేజ్‌లు, అంటే నీటిమట్టం కొలిచే సాధనాలు, లేని వాగుల్లో ప్రవాహాన్ని అంచనా వేసే పని నేర్చుకుంటానంటోంది. కొలతే లేని నీటిని లెక్కకట్టడం ఏం చదువండీ? అదంతా ఇప్పుడు ఏఐ చేసేస్తోందట, ఆరు నెలల కోర్సు చేయిస్తే సరిపోదా? ఏది స్థిరమైన దారో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది పోలిక. లోపలున్న దిగులు వేరు. కొలవని నీటికి అంకె చెప్పడం, యూనివర్సిటీ గురించి నాలుగు మంచి మాటలు రాయడం, ఇవి అసలు ఉద్యోగాలేనా అని. సబ్జెక్టుల పేర్లు మారుతుంటాయి గానీ ఈ దిగులు తరచూ నా దగ్గరికి వచ్చేదే. రెండూ ఉద్యోగాలే, నిశ్చింతగా ఉండండి.

లోకంలో చాలా వాగులకు గేజ్ లేదు. కానీ కల్వర్టు వేయాలన్నా, చెరువు అలుగు కట్టాలన్నా, వరద హద్దు గీయాలన్నా ‘ఇక్కడికి ఎంత నీరొస్తుంది’ అనే అంకె కింద ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. అంకె తక్కువైతే రోడ్డు కొట్టుకుపోతుంది, ఎక్కువైతే డబ్బు మట్టిపాలు. అంతర్జాతీయ హైడ్రాలజీ శాస్త్రవేత్తల సంఘం 2003 నుంచి 2012 దాకా ఒక దశాబ్దాన్నే ఈ సమస్యకు కేటాయించింది.

ఈ పని గాలిలో లెక్క కాదు. 300 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం ఉన్న వాగుకు గేజ్ లేదనుకోండి. పక్కనే 400 చదరపు కిలోమీటర్ల గేజ్ ఉన్న వాగులో సగటు ప్రవాహం 6 క్యుమెక్కులు, అంటే సెకనుకు 6 ఘనపు మీటర్లు. విస్తీర్ణాల నిష్పత్తితో మనకు 4.5 వస్తుంది. వరద గరిష్ఠానికి మాత్రం ఇదే నిష్పత్తి పనికిరాదు. వరద గరిష్ఠాన్ని అంచనా వేసే రైవ్స్ సూత్రంలో విస్తీర్ణం ఘాతాంకం 2/3 కాబట్టి పక్క వాగు వరదలో 75 శాతం కాదు, దాదాపు 83 శాతం వేసుకోవాలి. అలాంటిదే అయిన డికెన్స్ సూత్రంలో ఆ ఘాతాంకం 3/4. విస్తీర్ణాల నిష్పత్తి 0.5కీ 1.5కీ మధ్య ఉంటేనే ఈ పద్ధతిని వాడటం ఆనవాయితీ. ఆ హద్దులో ఉన్నా, పక్క వాగు మీద ఆనకట్ట ఉంటే లెక్క తప్పుతుంది. కింద రాయి వేరైనా, ఒక వాగు కొండకు వాన పడే వైపున, ఇంకొకటి వానచాటున ఉన్నా అంతే. పక్కనే ఉందని తీసుకోవాలా, పోలిక ఉందని తీసుకోవాలా అన్న నిర్ణయంలోనే చదువంతా ఉంది.

ఇక మీ ఆరు నెలల ఏఐ కోర్సు. నా అనుమానాలన్నీ దీని మీదే. ఏఐ చేయలేదని అనను. 2019లో అమెరికాలోని 531 పరీవాహక ప్రాంతాల మీద ఎల్‌ఎస్‌టీఎం అనే ఏఐ నమూనాను పరీక్షించారు. తను ఎన్నడూ చూడని వాగుల్లో కూడా, అక్కడి కొలతలతోనే సరిదిద్దిన పాత నమూనా కంటే అది మెరుగ్గా చెప్పింది. గొప్ప ఫలితమే. అయితే ఆ నమూనా నేర్చుకున్నది గేజ్‌ల నుంచి. గేజ్ రాసుకునేది నీటిమట్టాన్ని. దాన్ని ప్రవాహంగా మార్చేది రేటింగ్ కర్వ్. పెద్ద వరదలో దిగి వేగం కొలిచేవాళ్లు అరుదు కనుక ఆ గీత పైకొస చాలాచోట్ల ఊహతో పొడిగించినదే. అంటే వరదరోజు ‘కొలత’ కూడా సగం అంచనా! కోడ్ మాత్రమే తెలిసినవారికి ఇది కనపడదు. పరీక్షించేటప్పుడు కొన్ని సంవత్సరాల డేటాను పక్కనపెడతారు, వాగులకు వాగులనే పక్కనపెట్టాలని తట్టదు. దాంతో ఫలితం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. నాష్-సట్‌క్లిఫ్ స్కోరు (అంచనా కొలతకు ఎంత దగ్గరో చెప్పేది, 1 వస్తే పరిపూర్ణం) 0.8 వచ్చిందని సంబరపడతారు. అందులో తేడాలను వర్గం చేస్తారు కాబట్టి పెద్ద ప్రవాహాలదే పెత్తనం, వేసవి నీరు పూర్తిగా తప్పినా స్కోరు చెక్కుచెదరకపోవచ్చు. చదును నేలలో ఉపగ్రహ ఎత్తుల పటం పరీవాహక హద్దునే తప్పుగా గీస్తే, ఆపైన ఏ నమూనా పెట్టినా లాభం లేదు. హైడ్రాలజీ వచ్చాక ఏఐ నేర్చుకుంటే మంచి పనిముట్టు. ముందే నేర్చుకుంటే తప్పును వేగంగా చేయడం వస్తుంది.

పీఆర్ సంగతి క్లుప్తంగా. అది పొగడ్తల పని అనుకుంటే పొరపాటు. పరిశోధకుడితో కూర్చుని ఏం తేలింది, దేని మీద తేలింది, ఎంత తేడా, ఎంత అనిశ్చితి అని నాలుగూ రాబట్టాలి. జర్నల్ పెట్టిన ఎంబార్గో (అప్పటిదాకా ప్రచురించకూడదన్న ఆంక్ష) గడియ దాటకముందు ప్రెస్ నోట్ బయటికి పొక్కకూడదు. క్యాంపస్‌లో ఏదైనా జరిగితే తెలిసింది, తెలియనిది, మళ్లీ ఎప్పుడు చెబుతామన్నది, ఈ మూడు ముక్కలతో తొలి ప్రకటన త్వరగా ఇవ్వాలి. చెడేది ఎక్కువగా శీర్షిక దగ్గర. 20 బ్రిటిష్ యూనివర్సిటీల ఆరోగ్య పరిశోధనల ప్రెస్ నోట్లు 462 తీసి 2014లో చూస్తే, 40 శాతం నోట్లు అసలు పత్రం కంటే గట్టి సలహా ఇచ్చాయి. నోట్‌లో అలాంటి అతిశయం ఉన్నచోట 58 శాతం వార్తల్లోనూ అది కనిపించింది, లేనిచోట 17 శాతంలోనే. పైవాళ్లు ‘ప్రపంచంలోనే తొలిసారి’ అని చేర్చమంటే కాదనగల దమ్ము ఈ ఉద్యోగానికి కావాలి.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. తను ఈ చదువే ఎందుకు కోరుకుంటోందో మీ ఉత్తరంలో ఒక్క వాక్యం లేదు. అడిగారా అసలు? ‘ఏం చదువండీ’ అన్న మాట నన్ను అడగకముందు ఇంట్లో ఎన్నిసార్లు అన్నారో ఊహించగలను. స్థిరత్వం పేరుతో మీరు వెతుకుతున్నది నలుగురికి సులువుగా చెప్పుకోగల హోదా అయితే, ఆ బరువు పిల్ల నెత్తిన పెట్టకండి.

ఏది స్థిరం అంటారా, రెంటిలోనూ పని తెలిసినవారికి చోటుంది. తేడా ఒక్కటే. హైడ్రాలజీ చదివి తర్వాత సైన్సు పీఆర్‌లోకి రావచ్చు. పీఆర్‌లో ఐదేళ్లు గడిపాక అవకలన సమీకరణాల దగ్గరికి తిరిగి వెళ్లడం కష్టం.

జవాబు ఇచ్చే గడువు ఉంటే ఈలోగా తనను ఈ పని చేయమనండి. గేజ్ ఉన్న ఒక వాగును ఎంచుకుని, దాని ప్రవాహం ఫైలు తెరవకుండా, పక్క వాగు డేటాతో పదేళ్ల నెలవారీ సగటులు అంచనా వేయాలి. తర్వాత ఫైలు తెరిచి ఏ నెలలో ఎంత తప్పిందో, ఎందుకు తప్పిందో రాసుకోవాలి. ఆ ఫలితాన్నే లెక్కలు రానివారికి అర్థమయ్యేలా 400 మాటల్లో, గొప్పలు లేకుండా మళ్లీ రాయాలి. ఈ రెండు పనుల్లో దేని దగ్గర తిండి వేళ మరిచిందో తనకే తెలుస్తుంది. ఆ కాగితాలు మీరు దిద్దకండి.