ఒంగోలు జాతి, పిల్లి జాతి అంటాం కదా, మరి స్పీసీస్ అంటే ఏది?

ప్రశ్న: ఇంటర్ ఫస్టియర్ బైపీసీ చదువుతున్నాను. టెన్త్ వరకు తెలుగు మీడియం. స్పీసీస్, జీనస్, ఫ్యామిలీ ఎంత బట్టీ పట్టినా పరీక్షలో తారుమారవుతున్నాయి. ఒంగోలు, పుంగనూరు ఆవులు వేర్వేరు స్పీసీస్ అని రాస్తే తప్పన్నారు. వాటిని జాతులనే అంటాం కదా సార్? నాకు ఈ సబ్జెక్ట్ ఇష్టం, దీంట్లో ఉద్యోగాలుంటాయా?

జవాబు: అమ్మా, ముందు టెన్షన్ వదిలెయ్. నీ బుర్రలో లోపమేమీ లేదు, చిక్కంతా మన ‘జాతి’ అనే మాటతోనే. పేపర్లో ‘పిల్లి జాతికి చెందిన చిరుత’ అని రాస్తారు, అక్కడ జాతి అంటే ఫ్యామిలీ, ఫెలిడే. ‘పక్షి జాతి’ అంటే అది క్లాస్. ‘ఒంగోలు జాతి గిత్త’ అన్నప్పుడేమో అది బ్రీడ్, అంటే ఒకే స్పీసీస్ లోపల మనుషులు ఏరి పెంచుకున్న రకం. దగ్గరి స్పీసీస్‌ని కలిపితే ఒక జీనస్, అలాంటి వాటిని కలిపితే ఒక ఫ్యామిలీ, ఇంకా పై మెట్టు క్లాస్. ఇన్ని మెట్లకూ ఇంట్లో ఒకే మాట వాడుతూ పెరిగి, తెలుగు పాఠ్యపుస్తకంలో స్పీసీస్‌కి జాతి, జీనస్‌కి ప్రజాతి అని చూస్తే ఎవరికైనా తికమకే.

ఒంగోలు ఆవునీ పుంగనూరు గిత్తనీ కలిపితే పుట్టే దూడ పెద్దదై మళ్లీ ఈనుతుంది, అందుకే రెండూ ఒకే స్పీసీస్. గుర్రానికీ గాడిదకీ పుట్టే కంచరగాడిదకి మామూలుగా పిల్లలు పుట్టవు, కాబట్టి గుర్రం వేరు, గాడిద వేరు. తమలో తాము కలిసి, సంతానం కనగల సంతానాన్ని ఇచ్చే గుంపే స్పీసీస్ అన్న ఈ నిర్వచనాన్ని 1942లో ఎర్నెస్ట్ మేయర్ అనే జీవశాస్త్రవేత్త బలంగా ముందుకు తెచ్చాడు. మొక్కల్లో, ముఖ్యంగా బ్యాక్టీరియాలో ఇది అన్ని చోట్లా అతకదు గానీ నీ స్థాయికి ఇది చాలు.

పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునే చోటు ఇంకొకటుంది. మామిడి మాంజిఫెరా ఇండికా, చింత టామరిండస్ ఇండికా, వేప అజాడిరక్టా ఇండికా. ‘మామిడి స్పీసీస్ ఏది?’ అంటే ‘ఇండికా’ అని రాసి వచ్చేస్తారు. మరి చింతా వేపా ఏమైనట్టు? ఆ రెండో ముక్క ఒక్కటే ఏ మొక్క పేరూ కాదు, రెండూ కలిస్తేనే స్పీసీస్ పేరు. జీనస్ పేరైన మొదటిది పెద్దక్షరంతో, రెండోది చిన్నక్షరంతో మొదలుపెట్టి, చేత్తో రాసేటప్పుడు రెండింటికీ కింద విడివిడిగా గీత గియ్యాలి. ఇంగ్లిష్‌లో ఒకటైనా పదైనా స్పీసీసే, చివరి ఎస్ తీసేసి ‘స్పీసీ’ అనకూడదు. జీనస్ మాత్రం ఒకటికి మించితే జెనెరా అవుతుంది. ఫ్యామిలీల సంగతి తేలిక: మొక్కలవి -ఏసీ అని, జంతువులవి -ఇడే అని ముగుస్తాయి. మామిడిది అనకార్డియేసీ, ఈగది మస్కిడే. నీట్‌లో జతపరిచే ప్రశ్నకి ఆ చివరి అక్షరాలే సగం దారి చూపిస్తాయి.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. పోస్టులు తక్కువ, ఏటా నోటిఫికేషన్ వస్తుందని లెక్క వేసుకోవద్దు. కానీ దారి ఉంది. బోటనీ లేదా జువాలజీతో బీఎస్సీ, ఎమ్మెస్సీ, ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి రీసెర్చ్ ఫెలోషిప్. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా (1890), జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (1916) రెండింటి ప్రధాన కార్యాలయాలూ కోల్‌కతాలో ఉన్నా, రెండింటికీ హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి. బీఎస్సీతోనే యూపీఎస్సీ ఫారెస్ట్ సర్వీస్ కూడా రాయొచ్చు.

ఆ ఉద్యోగాల్లో ఈ మెట్ల తేడా మార్కులతో ఆగదు. అడవి జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో సైకస్ మొక్కల ఫ్యామిలీ అయిన సైకడేసీ మొత్తం రెండో అనుబంధంలో ఉంటే, మన శేషాచలం కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమి అనే ఒక్క స్పీసీస్‌ని విడిగా తీసి ఇంకా గట్టి కట్టడి ఉన్న మొదటి అనుబంధంలో పెట్టారు. పట్టుబడ్డ మొక్కని చూసి ‘ఇది సైకస్’ అంటే సరిపోదు, ఏ సైకసో తేల్చి చెప్పే మనిషి కావాలి, అలాంటి మనుషులు నిజంగానే తక్కువమంది ఉన్నారు.

నీకిది నిజంగా నచ్చుతుందో లేదో తెలియాలంటే ఈ ఆదివారం ఒక పని చెయ్. పెరట్లోనో పొలంలోనో వంగ, టమాటా, మిరప పూలున్న కొమ్మలు ఒక్కొక్కటి తెంపు. మూడూ సొలనేసీ ఫ్యామిలీయే. వంగ, టమాటా రెండూ సొలానమ్ జీనస్, మిరప మాత్రం కాప్సికమ్. వంగపువ్వు ఊదా, టమాటాది పసుపు, అయినా రెండింట్లోనూ మధ్యలో పసుపు కేసరాలు శంకులా దగ్గరగా నిలబడతాయి. మిరప తెల్లపువ్వులో అవి నీలి ఛాయలో విడివిడిగా ఉంటాయి. బాగా చూశాక పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెట్టు, రోజూ పేపరు మార్చు, పక్కన ఊరు, తేదీ, నీ పేరు రాయి. వారం తర్వాత, పేపరు మార్చడం విసుగనిపించిందా, ఇంకో మొక్క తేవాలనిపించిందా, అది నాకు రాయి.