చేపల సొసైటీలో ఆడవాళ్ళకు పెత్తనం ఇస్తే ఏమైనా మారుతుందా?

మారుతుంది. చేపల సొసైటీ అంటే ఊరి చెరువులో చేపలు పెంచి పట్టుకునే హక్కున్న మత్స్యకారుల సహకార సంఘం. మా ఊరి చెరువు దగ్గర కళ్ళారా చూశాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను. "సంతకం పెట్టడానికి తప్ప ఆడవాళ్ళు దేనికి?" అని కూడా అడుగుతారు కొందరు. మా ఊళ్ళో కథ ఆ సంతకం దగ్గరే మొదలైంది.

మాది పాత మహబూబ్‌నగర్ జిల్లా, ముదిరాజుల కుటుంబం. నాన్న పోయాక సొసైటీలో ఆయన సభ్యత్వం తన పేరు మీదికి మార్చమని అమ్మ రెండేళ్ళు తిరిగింది. "నీ కొడుకు పెద్దయ్యాక రాద్దాంలే" అనేవాళ్ళు. మగవాళ్ళే సభ్యులుగా ఉండాలని సహకార చట్టంలో ఎక్కడా లేదు, అలవాటు అలా పాతుకుపోయింది. చివరికి పేరు ఎక్కింది, తర్వాతి పాలకవర్గంలో డైరెక్టర్ కూడా అయింది.

2016 నుంచి ప్రభుత్వం చెరువులకు ఉచితంగా చేప పిల్లలు ఇస్తోంది కదా. చెరువు నిండాక ఆక్సిజన్ పెట్టిన ట్యాంకులతో బండి వస్తుంది, సొసైటీవాళ్ళు కాగితం మీద సంతకం పెడతారు, పిల్లలను నీళ్ళలో వదిలేస్తారు. ఆ ఏడు మాకు రాసింది 30 వేలు. గిన్నెకు 160 చొప్పున కొలుస్తున్నారు. అమ్మ వెళ్ళి గిన్నె పట్టుకుంది. మూడు గిన్నెలు వేరువేరు బకెట్లలో పోయించి, ఇంకో నలుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఒక్కొక్క పిల్లను లెక్కపెట్టించింది. ఒకదాంట్లో 118, ఒకదాంట్లో 124, మూడోదాంట్లో 121. అంటే 30 వేలకు 7 వేలకు పైగా తక్కువ!

బండివాళ్ళు ఎండకు పిల్లలు చచ్చిపోతాయని తొందర పెట్టారు. మా ప్రెసిడెంటు కూడా "ఉచితంగా వచ్చేవే కదా వదినా, పోనీ" అన్నాడు. అమ్మ మాత్రం "వచ్చినన్ని రాయండి, అప్పుడే సంతకం" అని కదల్లేదు. అసలు లెక్కే రాశారు. మిగతా పిల్లలు వారం తర్వాత వచ్చాయి.

మగవాళ్ళకు లెక్క రాదని కాదు. కానీ ఎండాకాలం పట్టుబడికి ఎన్ని చేపలు వచ్చాయో, ఎంత సైజులో వచ్చాయో అమ్మిన మనిషికి గుర్తున్నట్టు వల లాగిన మనిషికి ఉండదు. అమ్మ ఇరవై ఏళ్ళు బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగింది. వదిలింది అంతైతే పట్టింది ఇంతేనా అన్న అనుమానం ఆమెకు ఏనాటి నుంచో ఉంది. అడిగే హక్కు మాత్రం డైరెక్టర్ అయ్యాకే వచ్చింది.

చేపలు ఎప్పుడు పట్టాలన్నదీ అంతే. దళారి అడ్వాన్స్ ఇచ్చేవాడు కాబట్టి మావాళ్ళు మార్చిలోనే వలలు వేసేవారు. అప్పటికి బొచ్చె చేపలు కిలో కూడా ఉండేవి కావు. తూము దగ్గర లోతు మడుగులో నీళ్ళున్నంత వరకు సగం చేప ఆపుదాం, మిరుగుకు, అంటే మృగశిర కార్తెకు పట్టుకుందాం అంది అమ్మ. మృగశిర కార్తె రోజు చేప వండని ఇల్లు మా దగ్గర అరుదు. ఆ రోజు ధర ఎలా ఉంటుందో బజారులో కూర్చున్నవాళ్ళకే తెలుసు.

ఆడవాళ్ళకు వేరే మత్స్య మహిళా సంఘాలు ఉన్నాయి కదా అంటారు కొందరు. మా మండలంలో వాటికి పేరుంది, చెరువు లేదు. చెరువు హక్కు లేని సంఘం ఏం నిర్ణయిస్తుంది? సబ్సిడీ మోపెడ్లు వచ్చినప్పుడు కూడా మా ఊళ్ళో సొసైటీలో పేరున్నవాళ్ళకే, అంటే మగవాళ్ళకే దక్కాయి. రోజూ చేపలు అమ్మే ఆడవాళ్ళేమో వాసన వస్తోందని ఆటోవాళ్ళు ఎక్కించుకోకపోతే ఇప్పటికీ నడిచే పోతున్నారు. ఇది తలచుకుంటేనే నాకు కడుపు మండుతుంది.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు వచ్చాక సభ్యత్వం తమ్ముడి పేరు మీదికి మారింది. ఇప్పుడు పాలకవర్గంలో ఒక్క ఆడమనిషి లేదు. అయినా చేప పిల్లల బండి వచ్చిందంటే ఫోన్ మాత్రం అమ్మకే వస్తుంది. పోయిన ఏడు కూడా కర్ర పట్టుకుని కట్ట దాకా వెళ్ళి, గిన్నె లెక్కపెట్టించే వచ్చింది.