సోషియోనిక్స్‌లో మీ టైపు తేలాలంటే నాలుగో గడి చూడండి

మాదాపూర్ ఆఫీసు వర్క్‌షాపులో ఎంబీటీఐ (మనిషి స్వభావాన్ని నాలుగు అక్షరాల టైపుగా చెప్పే ప్రశ్నావళి) చేస్తే ఐఎన్‌టీజే వచ్చిందని, అలాంటిదే మరో టైపుల పద్ధతి అయిన సోషియోనిక్స్‌లో అదే పేరున్న టైపు మాత్రం మీకు ఎందుకు అతకడం లేదని అడిగారు.

అతకకపోవడం సహజమే. మనసు సమాచారాన్ని పట్టుకునే తీరుని ఫంక్షన్ అంటారు: లాజిక్ (తర్కం), ఎథిక్స్ (భావాలు, సంబంధాలు), ఇంట్యూషన్ (పైకి కనబడనిది ఊహించడం), సెన్సింగ్ (ఎదుట ఉన్నది పసిగట్టడం), ఒక్కోటి అంతర్ముఖం లేదా బహిర్ముఖం. ‘జే’ అంటే లాజిక్ లేదా ఎథిక్స్. ఎంబీటీఐలో అంతర్ముఖులకు చివరి ‘జే’ బయటివాళ్లకు కనబడే ఫంక్షన్‌ని చెబుతుంది. సోషియోనిక్స్‌లో అది నేరుగా మొదటి ఫంక్షన్‌నే చెబుతుంది. అందుకే ఎంబీటీఐ ఐఎన్‌టీజేకి మొదటిది అంతర్ముఖ ఇంట్యూషన్, ఇక్కడ అంతర్ముఖ లాజిక్. సోషియోనిక్స్‌లో ఐఎన్‌టీపీ అని ఉన్న వర్ణన కూడా చదవండి.

1921లో స్విస్ మానసిక వైద్యుడు యూంగ్ చెప్పిన టైపులకు పోలిష్ మానసిక వైద్యుడు కెంపిన్‌స్కి ‘సమాచార జీవక్రియ’ (మనసు సమాచారాన్ని ఆహారంలా తీసుకుని అరిగించుకుంటుందన్న) ఆలోచనను జోడించి, 1970లలో లిథువేనియాలో ఔష్రా ఔగుస్టినావిచ్యూటే సోషియోనిక్స్‌కి రూపం ఇచ్చారు. ఆమె మోడల్ ఏ లో మనసుకి 8 గళ్లు, రెండేసి చొప్పున 4 బ్లాకులు: ఈగో, సూపర్ ఈగో, సూపర్ ఇడ్, ఇడ్. ఎనిమిది రకాల సమాచారమూ అందరిలోనూ ఉంటుంది, ఏది ఏ గడిలో పడిందన్నదే టైపు.

మొదటి రెండు గళ్లూ తెలిస్తే మిగతావి లెక్క కట్టేయొచ్చు. 1 అంతర్ముఖ లాజిక్, 2 బహిర్ముఖ ఇంట్యూషన్ అనుకోండి. లాజిక్‌కి ఎదురు ఎథిక్స్, ఇంట్యూషన్‌కి ఎదురు సెన్సింగ్. ముఖం (అంతర్ముఖమా, బహిర్ముఖమా అన్నది) మార్చకుండా ఎదురుది వేస్తే 3 అంతర్ముఖ ఎథిక్స్, 4 బహిర్ముఖ సెన్సింగ్. ముఖం కూడా తిప్పితే 5 బహిర్ముఖ ఎథిక్స్, 6 అంతర్ముఖ సెన్సింగ్. 1, 2లకు ముఖం మాత్రమే తిప్పితే 7 బహిర్ముఖ లాజిక్, 8 అంతర్ముఖ ఇంట్యూషన్.

చాలామంది “నాకేది బాగా వచ్చు?” అని మొదలుపెట్టి తప్పుతారు. 8 కూడా బలమైనదే, కాకపోతే చేస్తున్నట్టు మనకే తెలియదు. 3 నలుగురి కోసం సాధన చేసినది కాబట్టి పరీక్షల్లో మార్కులు లాగేస్తుంది. అన్నిటికన్నా బలహీనమైన నాలుగో గడి నొప్పి మాత్రం దాగదు. మియాపూర్‌లో ఆటో దిగగానే 120 అన్నవాడు 150 ఇమ్మని దబాయించాడనుకోండి. నాలుగో గడిలో బహిర్ముఖ సెన్సింగ్, అంటే బలమూ ఒత్తిడీ, ఉన్నవాళ్లు నోరెత్తకుండా ఇచ్చేస్తారు, లేదా 30 రూపాయలకి మించిన గొడవ చేస్తారు. మధ్యస్తంగా “ఒప్పుకున్నది 120” అని నిలబడటమే వాళ్లకి కష్టం. ఒక్క సంఘటనతో తేల్చకండి, ఇల్లు, ఆఫీసు, బజారు మూడుచోట్లా అదే తీరు కనబడాలి.

అలా కనబడితే 16 టైపుల్లో రెండే మిగులుతాయి, 1లో అంతర్ముఖ లాజిక్ లేదా అంతర్ముఖ ఎథిక్స్. ఇప్పుడు ఐదో గడి, అంటే ఇతరుల నుంచి సాయం కోరుకునే చోటు, చూడండి. మొదటివాళ్లకి అక్కడ బహిర్ముఖ ఎథిక్స్, రెండోవాళ్లకి బహిర్ముఖ లాజిక్. ఎవరో వచ్చి సందడి చేస్తే ప్రాణం లేచొస్తే మొదటిది. “ఇది ఇలా చెయ్యి, ఇంత ఖర్చవుతుంది” అని ఎవరైనా చెబితే ఊరట కలిగితే రెండోది.

దీనికి ప్రయోగాల ఆధారం బలంగా లేదు, కాబట్టి మీ టీమ్‌లో ఎవరిని తీసుకోవాలన్న నిర్ణయానికి మాత్రం వాడొద్దు.