చీకట్లో కాకినాడ చేరకు

కృష్ణలంక, విజయవాడ

చిన్నీ,

జనవరి నెలాఖరులో నువ్వూ నీ ఫ్రెండూ తెరచాప పడవ మీద విశాఖ నుంచి కాకినాడ వెళ్తున్నారట. నిన్న మీ అమ్మ ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. నువ్వే నాకు చెప్పాల్సిన మాట ఇది, కోపం వచ్చింది. ఫోన్ పెట్టేసి బ్యారేజీ దాకా నడిచాను. భవానీ ద్వీపం దగ్గర మొదటిసారి చుక్కాని చేతికిస్తే రెండు చేతులతో పట్టుకుని, పళ్లు బిగించి కూర్చున్నావు గుర్తుందా? ఆ పిల్ల సముద్రం మీదికి పోతోందని తలచుకుంటే కళ్లు చెమర్చాయి.

లైఫ్ జాకెట్, తాగే నీళ్లు, ఆపదలో పిలవడానికి రేడియోలో 16వ ఛానల్, కోస్ట్ గార్డ్ ఫోన్ నంబర్ 1554 నీకు తెలిసినవే. గాలి వెనక నుంచి వస్తుంది కాబట్టి బూమ్‌ని, అదే చాప కింది అడ్డకర్రని, తాడుతో కట్టేయి, తల అటు పెట్టకు. అల్పపీడనం అన్న మాట చెవిన పడితే మాత్రం ప్రయాణం మానేయాల్సిందే. 1977లో దివిసీమ ఉప్పెన చూసినవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

నాకు నిద్ర పట్టనిది నీ టైమ్ చూసి. ఉదయం 5కి బయల్దేరి అదే రోజు చేరతానన్నావట. దాదాపు 70 నాటికల్ మైళ్లు. గంటకు 5 పోయినా 14 గంటలు, అంటే రాత్రి 7. జనవరిలో 6 కల్లా చీకటి. గాలి పడిపోతే 10 అయినా అవుతుంది. రాత్రి ప్రయాణం వద్దని మీ అమ్మ అంటే నువ్వు సరేనన్నావు. చీకట్లో పడవ నడపడం కాదురా భయం, చీకట్లో ఒడ్డుకు రావడం.

నేను చేసిన తప్పే అది. 1984 ఫిబ్రవరిలో నేనూ ఒక స్నేహితుడూ ఇలాగే తెల్లవారుజామున బయల్దేరాం. మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. రాత్రి 9 దాటాక కుడివైపు ఒక వెలుగు కనిపించింది. వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. కాకినాడ దగ్గరి వాకలపూడి లైట్‌హౌస్ అన్నాను. ఒక్కో లైట్‌హౌస్‌కి వెలిగి ఆరే లెక్క వేరు, గడియారం పెట్టి చూడాలి. నేను చూడలేదు. ఒళ్లు నొప్పులు, ఆకలి, ఒడ్డు చేరితే చాలనిపించింది. చుక్కాని తిప్పేశాను. ఆ వెలుగు వేటకొచ్చిన పడవలో దీపం. అల లేచినప్పుడల్లా దాని చాటుకు పోతోంది, అంతే. కాసేపటికి అలల చప్పుడు మారింది. దూరంగా ఉండాల్సిన హోరు పక్కనే వినపడింది. స్నేహితుడు ‘ఇసక’ అని అరిచేలోపే పడవ అడుగు నేలకు తగిలింది. చుక్కాని ఊడింది. దాన్ని పట్టుకోబోయి అతని కుడిచేతి వేళ్లు రెండు నలిగాయి. తెల్లారేదాకా ఆ చెయ్యి నా లుంగీలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున్నే ఉప్పాడ మత్స్యకారులు వచ్చి మమ్మల్ని లాగారు. అతను మళ్లీ పడవెక్కలేదు, నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

అందుకే సాయంత్రం 5కి బయల్దేరు. రాత్రంతా ఒడ్డుకు దూరంగా, లోతు నీళ్లలో ఉండు. మూడేసి గంటలు వంతులేసుకుని ఒకరు పడుకోండి. చుక్కాని పట్టినవాళ్లు నడుముకు తాడు లేకుండా కూర్చోకూడదు. వలలుంటాయి, దీపాలు చూసుకో. పొద్దు పొడిచాక కాకినాడ వైపు తిరుగు. ముందే చేరిపోతే చాప తగ్గించుకుని బయటే ఆగు. హోప్ ఐలాండ్ చుట్టూ లోతు తక్కువ, పగలే చూసి వెళ్లాలి.

మీ అమ్మకు నేను చెప్తాలే. నువ్వు దాని మీద అరవకు.

నా పాత స్టాప్‌వాచ్ పార్శిల్ చేశాను. కీ ఇచ్చేది, బ్యాటరీ ఉండదు. మెడలో వేసుకో. వెలుగు కనిపిస్తే ముందు అది నొక్కు, మూడుసార్లు లెక్కపెట్టు, తర్వాతే చుక్కాని ముట్టుకో. నేను ముందురోజే కాకినాడ వచ్చి రేవులో ఉంటాను.

మామయ్య