కోణాల అక్షరాలు గీస్తున్నావట కదా

బుజ్జీ,

ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి, పలకలు పలకలుగా లావుగా ఉండే తెలుగు ఫాంటు చేస్తున్నావని అక్క నిన్న ఫోన్లో చెప్పింది. అక్క టెన్షన్ సెలవు గురించి, నాది అక్షరాల గురించి. నలభై ఏళ్లు గోడల మీద, రేకుల మీద బోర్డులు రాసినవాణ్ణి, మన ఇంట్లో ఇంకొకరు ఈ పని పట్టుకున్నారంటే పొంగిపోనా? రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

కంప్యూటర్ సంగతి నువ్వే నాకు చెప్పాలి. యూనికోడ్‌లో చెయ్యి, అంతే. గుణింతాలు, ఒత్తులు అయ్యాక ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’ టైపు చేసి చూసుకో. పై లైను ఒత్తు కింది లైను గుడికి తగిలితే లైన్ల మధ్య ఎడం పెంచు.

అసలు భయం వేరే ఉంది. 1994లో తెనాలిలో ఒక పురుగుమందుల కొట్టుకి బోర్డు రాశాను. సినిమా పోస్టర్ల మీద చెక్కినట్టుండే అక్షరాలు చూసి నాకూ ఆ పిచ్చి పట్టిన రోజులు. వంపులన్నీ విరిచి మూలలు పెట్టి, చేతిలో ఉన్నవాటిలో వెడల్పాటి కుంచెతో ‘పంటల మందులు’ అని లాగించాను. నిచ్చెన దిగి చూస్తే నాకే ముద్దొచ్చింది. మర్నాడు ఓనరు కబురు పెట్టి, నన్ను రోడ్డవతల టీ బండి దగ్గర నిలబెట్టి, చదవమన్నాడు. చదివాను. ‘వంటల మందులు’.

ప-కీ వ-కీ తేడా ఎంత చెప్పు, తలకట్టు అతుక్కుందా, విడిగా ఉందా, అంతేగా. ఆ సందుని నేను దారమంత చేశాను. దగ్గర్నుంచి ఉంది, రోడ్డవతల్నుంచి లేదు. జనం నవ్వారు, ఓనరు నవ్వలేదు, “విషం అమ్మే కొట్టు మీద వంట అంటావా” అన్నాడు. డబ్బులివ్వలేదు. ఆ రాత్రే నా ఎనామిల్‌తో మళ్లీ రాశాను, కరెంటు లేకపోతే మీ అత్తయ్య నిచ్చెన కింద పెట్రోమాక్స్ పట్టుకుని నిలబడింది. ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది.

ఇంగ్లీషు ఏ, వీ, ఎం లకి పుట్టుకతోనే మూలలున్నాయి. మనవి తాటాకు మీద గంటంతో రాసిన వంపులు, తిన్నగా గీస్తే ఆకు చీలుతుందని గుండ్రం చేశారంటారు. నువ్వు విరుచుకో, నేను వద్దనను. కానీ ఏ సందు, ఏ వంపు, ఏ చిన్న గీత పోతే అక్షరం పేరే మారిపోతుందో ముందు కాగితం మీద రాసుకో: ప-వ, మ-య, ద-ధ, డ-ఢ. సందుకి ముందు చోటిచ్చి, మిగిలిన దాంట్లో గీత లావు చూసుకో. అంత చదువు చదివి ఇది మర్చిపోతే మాత్రం ఊరుకోను.

సినిమా టైటిలు, కబడ్డీ పోటీల ఫ్లెక్సీ, జెర్సీ వెనక పేరు, పుస్తకం అట్ట, ఇలా రెండు మూడు మాటలకైతే బ్రహ్మాండంగా ఉంటుంది. పేరా అంతా రాస్తే కళ్లు మండుతాయి. రామభద్ర ఫాంటు చూశావుగా, అదీ శీర్షికలకి, పోస్టర్లకి, శుభలేఖలకి పనికొచ్చేదే. మందు సీసా మీద మోతాదు దీంతో వేస్తామని ఎవరైనా అడిగితే మాత్రం ఒప్పుకోకు, నీ మామయ్య పిరికివాడనుకున్నా సరే.

ముందు ‘పంట’ అని అడుగెత్తు అక్షరాలతో ప్రింటు తీసి పంపు. ఎదురింటి గోడకి అంటించి మన అరుగు మీంచి చదువుతాను, కళ్లజోడు తీసేసి. అక్కకి నేను సర్దిచెప్తాలే. వేళకి అన్నం తిను.

మామయ్య