కల్లంలో వడ్లున్నన్ని రోజులు సముద్రం మీద ఓ కన్నేసి ఉంచు

బిడ్డా,

ఈ వానాకాలం పంట నుంచి మన ఊరి వడ్ల కొనుగోలు కేంద్రం నువ్వే చూసుకుంటావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమైంది. కాంటా పెట్టడం, తేమ మిషన్ చూడటం, ట్రక్ షీట్లు రాయడం, మిల్లు వాళ్లతో మాట్లాడటం, ఇవన్నీ వారం తిరిగేసరికి నీకే అలవాటవుతాయి. వాటి గురించి రాయను. వాన సంగతి ఒక్కటి మాత్రం కాగితం మీద పెట్టి ఇవ్వాలనిపించింది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు.

వరంగల్ నుంచి మచిలీపట్నం తీరం సూటిగా కొలిస్తే సుమారు 250 కిలోమీటర్లు. అంత దూరంలో ఉన్న సముద్రంతో మనకేం పని అని కేంద్రం నడిపే మన సంఘంలో కొత్తగా చేరినవాళ్లందరూ అడిగేవాళ్లు. మన వరి కోతలు అక్టోబర్, నవంబర్ నెలల్లో. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా పుట్టే కాలం కూడా అదే. నీళ్లు 26.5 డిగ్రీలకు మించి వేడిగా ఉంటేనే తుపాను పుడుతుంది. జులై, ఆగస్టుల్లో కూడా ఆ వేడి ఉంటుంది కానీ, అప్పుడు కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి చెరో వైపు బలంగా లాగుతూ మేఘాన్ని నిలువుగా పేరుకోనివ్వవు. ముసురు కాలం అయిపోయాక ఆ లాగుడు తగ్గుతుంది, నీళ్ల వేడి మాత్రం ఇంకా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మన వడ్లు కల్లంలో ఆరుతుంటాయి.

నేను కేంద్రం తీసుకున్న రెండో ఏడు పెద్ద పొరపాటు చేశాను. టీవీలో అల్పపీడనం అన్నారు. తుపాను అనలేదు కదా, చిన్నదేలే అనుకున్నాను. కోత మిషన్ దొరికింది, కోయించుకుంటామని ఐదుగురు రైతులు అడిగితే సరే అన్నాను. రెండు రాత్రులు విడవకుండా పడింది. మూడో రోజు పైన కప్పిన టార్పాలిన్ పట్టా ఎత్తితే కుప్ప అడుగున వడ్లన్నీ తెల్లగా మొలకలు. ఆ రైతుల్లో ఒకాయన కౌలు రైతు. ఏమీ అనలేదు, కుప్ప పక్కన కూర్చుండిపోయాడు. ఆ రోజు నుంచే గోడ మీది క్యాలెండర్‌లో రోజూ సముద్రం సంగతి రాసుకోవడం మొదలుపెట్టాను.

ముందు వాతావరణ శాఖ వాళ్ల మాటలు అర్థం చేసుకో. మొదట ఉపరితల ఆవర్తనం అంటారు, అంటే పైన గాలి సుడిలా తిరగడం. అది బలపడితే అల్పపీడనం. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62కి చేరితే తుపాను. అప్పుడే దానికి పేరు పెడతారు. ఈ మెట్లన్నీ గాలిని బట్టి కట్టినవి, వానను బట్టి కాదు. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. గాలి పడవలకు, కొబ్బరి తోటలకు ప్రమాదం. మన దాకా వచ్చేసరికి గాలి చచ్చిపోతుంది, ఎందుకంటే దానికి బలమిచ్చే వేడి నీళ్లు నేల మీద లేవు. మోసుకొచ్చిన తేమ మాత్రం చావదు. అదంతా మన మీద పోసి పోతుంది.

ఈ మధ్య సంవత్సరాలే చూడు. 2023 జులైలో సముద్రంలో ఉన్నది అల్పపీడనమే. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, మన రాష్ట్రంలో అంతకుముందు ఎన్నడూ అంత నమోదు కాలేదు. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి జనం మేడలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. 2024 ఆగస్టు 31 రాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటింది వాయుగుండం, దానికి పేరు కూడా లేదు. మహబూబాబాద్ వైపు వాగులన్నీ పొంగి, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. 2025లో మొంథా మాత్రం పేరున్న తుపానే. అక్టోబర్ 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది, దాటాక బలహీనపడిందని చెప్పారు కూడా. మర్నాడే వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. ‘బలహీనపడింది’ అనే మాట వినగానే రైతులు ఊపిరి పీల్చుకుంటారు. నువ్వు మాత్రం వాళ్లను పట్టాలు విప్పనివ్వకు.

మరి దేన్ని చూడాలి అంటావా? ఎక్కడ దాటుతుంది, ఎటు పోతుంది, ఎంత మెల్లగా నడుస్తుంది, ఈ మూడు చూడు. చెన్నై, నెల్లూరు మధ్య దాటి పడమరగా పోతే మనకు ఎక్కువసార్లు మబ్బు, చలిగాలి, సన్నటి తుంపర అంతే. ఉత్తరానికి మళ్లి బంగ్లాదేశ్ వైపు పోతే మన కల్లాల్లో ఎండే కాస్తుంది. మచిలీపట్నం, కాకినాడ మధ్య దాటి వాయవ్యంగా తిరిగితే దాని దారిలో మనమే ఉంటాం. వానాకాలంలో శ్రీకాకుళం, ఒడిశా దగ్గర దాటి ఛత్తీస్‌గఢ్ వైపు పోయేది ఇంకా మోసం చేస్తుంది. మ్యాప్‌లో అది మనకు ఎంతో పైన కనబడుతుంది. కానీ అలాంటి వాయుగుండానికి గట్టి వాన నైరుతి వైపున ఉంటుంది, ఆ నైరుతిలో మన జిల్లాలే ఉంటాయి. ఇక మెల్లగా నడిచేదంటే నాకు ఇప్పటికీ టెన్షనే. గంటకు ఐదారు కిలోమీటర్లే కదులుతోందంటే రోజంతా ఒక్కచోటే పోస్తుంది.

టైం మనకు బాగానే ఇస్తారు. మొంథా సంగతే తీసుకో, 24న అల్పపీడనం అన్నారు, 28 రాత్రి తీరం దాటింది. నాలుగు రోజులు. ఇంకా ముందుగా తెలుసుకోవాలంటే ప్రతి గురువారం వాతావరణ శాఖ వాళ్లు రాబోయే రెండు వారాల్లో వాయుగుండం పుట్టే అవకాశం తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని చెబుతారు. మధ్యస్థం అని చూసిన రోజే నేను గన్నీ సంచులు, లారీల గురించి ఫోన్లు మొదలుపెట్టేదాన్ని. కోతలు మాత్రం అప్పుడే ఆపకు. ఊరికే భయపెడితే రెండోసారి ఎవరూ నీ మాట వినరు. తీరం దాటే చోటు గురించి కూడా ఐదు రోజుల ముందు చెప్పేదాన్ని నమ్మి కూర్చోకు, ఆ చోటు రోజూ అటూ ఇటూ మారుతూ ఉంటుంది. రెండు రోజుల ముందు చెప్పేది చాలావరకు నిలబడుతుంది. అప్పుడు మిషన్లు ఆపించు, కోసినదాన్ని ముందు కాంటా పెట్టించు.

వాతావరణ బులెటిన్‌లో రెండు చోట్ల అందరూ తప్పులో కాలేస్తారు. ‘ఒకటి రెండు చోట్ల భారీ వర్షం’ అంటే నాలుగో వంతు లోపు ప్రాంతాల్లోనే అని. మన ఊళ్లో పడకపోతే వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. రెండోది, రోజు లెక్క. వాళ్లకు రోజు పొద్దున 8:30తో మొదలై మర్నాడు 8:30తో ముగుస్తుంది. 28 నాటి హెచ్చరిక అంటే 29 తెల్లవారుజాము కూడా అందులోనే ఉన్నట్టు. మొదట్లో ఇది తెలియక అర్ధరాత్రి దాటగానే గండం గడిచిందనుకునేదాన్ని. హెచ్చరికల రంగుల సంగతి సులువే. పసుపు వస్తే చూస్తూ ఉండు, ఆరెంజ్ వస్తే అన్నీ సిద్ధం చేసుకో, ఎరుపు వచ్చేసరికి మన పని అయిపోయి ఉండాలి. వాట్సాప్‌లో తిరిగే వీడియోలు పాతవో కొత్తవో తెలియదు, వాటిని నమ్మి ఎవరికీ ఏమీ చెప్పకు.

ఇప్పుడు కల్లం దగ్గరికి రా. ఎకరం జాగా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్లు. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఇరవై సెంటీమీటర్లు పడితే ఎంతో నువ్వే లెక్కేసుకో. అందుకే నేను పట్టా కంటే ముందు పార పట్టుకునేదాన్ని. వడ్లు పైనుంచి తడిసేది తక్కువ, అడుగు నుంచి నాని పాడయ్యేదే ఎక్కువ. ప్రతి కుప్ప చుట్టూ జానెడు లోతు కాలువ తీయించి, ఆ నీళ్లు పల్లానికి పోయేలా దారి చూపించు. కుప్పను పొడుగ్గా, నడుమ గట్టులా పోయించు, బల్లపరుపుగా ఉంటే పట్టా మీద నీళ్లు గుంట కడతాయి. అంచుల మీద రాళ్లు పెట్టకు, పట్టా చిరుగుతుంది. పాత గన్నీ సంచుల్లో ఇసుక నింపి పెట్టు.

వాన తెరిపిచ్చిందంటే వెంటనే పట్టా తీయించు. తడి వడ్లు మూసి ఉంచితే లోపల ఉడుకుతాయి. మోచేతి దాకా కుప్పలోకి చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా తగిలిందంటే ఆ గంటలోనే తిరగేయించాలి. ముక్కుకు పులిసిన వాసన వస్తే ఇంకా తొందర పడాలి. తేమ 17 శాతానికి దిగేదాకా కాంటా కాదు కాబట్టి రైతులు నీ మీద అరుస్తారు. వాళ్లను నువ్వు తిరిగి అరవకు. వాళ్లది ఆరు నెలల కష్టం. చేలో పడిపోయిన పంటకైతే లీటరు నీళ్లలో 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద కొట్టమని చెప్పు, మొలక కొంత ఆగుతుంది.

యాసంగి, అంటే రబీ వడ్ల సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలివానలు చాలావరకు ఇక్కడి ఎండకే పుట్టి రెండు మూడు గంటల్లో మీద పడతాయి. వాటికి సముద్రం చూస్తే లాభం లేదు, సాయంత్రం మబ్బు చూడాలి. దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకో, మెరుపులు ఎంత దగ్గరలో ఉన్నాయో చూపిస్తుంది. ఉరుము వినబడితే హమాలీలను చెట్ల కింద నిలబడనివ్వకు.

డిసెంబర్ వచ్చింది, ఇక భయం లేదని కూడా అనుకోకు. 2023లో మిచాంగ్ బాపట్ల దగ్గర దాటింది డిసెంబర్ 5న. చివరి లారీ కదిలేదాకా పట్టాలు మడతపెట్టి గదిలో వేయించకు.

నా పాత క్యాలెండర్లు పదకొండు ఉన్నాయి, సంచిలో కట్టి అటక మీద పెట్టాను. ఏ తేదీన ఏం చెప్పారో, మన ఊళ్లో ఎంత పడిందో అన్నీ పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. ఆదివారం వచ్చి తీసుకుపో. మన పాత పట్టాల్లో నాలుగు చిరిగి ఉన్నాయి, వచ్చేటప్పుడు దబ్బనం, సుతిలి తెచ్చుకుంటే ఇద్దరం కూర్చొని కుట్టేద్దాం.

మీ పెద్దమ్మ